ఉప్పు తగినంత: పరిశోధన పత్రంలో మెథడ్స్ సంగతి

వంటల పుస్తకాల్లో "ఉప్పు తగినంత" అని ఉంటుంది. పులుసు పెట్టడం వచ్చినవాళ్లకు ఆ మాట చాలు, నిజానికి వాళ్లకు పుస్తకమే అక్కర్లేదు. రానివాళ్లకు ఆ మాట వల్ల ఒరిగేదేమీ లేదు. మన పరిశోధన పత్రాల్లో ప్రయోగం ఎలా చేశామో చెప్పే 'మెటీరియల్స్ అండ్ మెథడ్స్' అనే భాగం చాలావరకు ఈ తగినంత భాషలోనే నడుస్తుంది. "కణాలను తగిన బఫర్‌లో కడిగి, 10,000 ఆర్‌పీఎం వద్ద సెంట్రిఫ్యూజ్ చేసి, గది ఉష్ణోగ్రత వద్ద రాత్రంతా ఉంచాము." వాక్యం నిండుగానే ఉంది. దీన్ని పట్టుకుని ఇంకో ఊళ్లో ఇంకొకరు అదే పని చేయాలంటే మాత్రం కుదరదు.

2021 డిసెంబరులో క్యాన్సర్ బయాలజీ ప్రయోగాలను తిరిగి చేసి చూసిన ఒక పెద్ద ప్రాజెక్టు ఫలితాలు ఈలైఫ్ జర్నల్‌లో వచ్చాయి. బాగా పేరొచ్చిన 53 పేపర్లలోంచి 193 ప్రయోగాలు చేద్దామని దిగినవాళ్లు చివరికి చేయగలిగింది 23 పేపర్లలోని 50 ప్రయోగాలే. అప్పట్లో అందరూ పాత ఫలితాలు నిలబడ్డాయా లేదా అన్నదాని మీదే మాట్లాడుకున్నారు. అందులో ఇంకో అంకె ఉంది, అది సున్నా. అచ్చయిన పేపరు మాత్రమే చదివి తిరిగి చేయగలిగేంత వివరం ఉన్న ప్రయోగాలు 193లో ఒక్కటంటే ఒక్కటీ లేవు. ప్రతిదానికీ రచయితల వెంట పడాల్సి వచ్చింది. దాదాపు మూడో వంతు ప్రయోగాల విషయంలో రచయితలు జవాబే ఇవ్వలేదు, లేదా ఇచ్చినా అది అక్కరకు రాలేదు. ఆ పేపర్లు వచ్చినవి ఊరూ పేరూ లేని జర్నళ్లు కావు. ప్రతి స్కాలరూ ఒక్క పేపరైనా పడితే చాలనుకునే జర్నళ్లు.

ఆ సున్నా దగ్గరే నా వాదన మొదలవుతుంది. పేపరులో ముందు రాయాల్సింది మెథడ్స్. అదీ పేపరు రాయడానికి కూర్చున్నాక కాదు, ప్రయోగం జరుగుతున్న వారంలోనే. మిగతావన్నీ దాని చుట్టూ కట్టాలి. మన దగ్గర నడిచేది తలకిందుల వ్యవహారం. స్కాలర్ నెల రోజులు ఇంట్రడక్షన్ చెక్కుతాడు, ఇంకో నెల డిస్కషన్‌తో కుస్తీ పడతాడు, మెథడ్స్‌ను ఒక సాయంత్రం సీనియర్ థీసిస్ తెరిచి దించేస్తాడు. గైడు ఎర్ర పెన్ను కూడా ఇంట్రడక్షన్ మీదే ఆడుతుంది. మెథడ్స్ దగ్గరికి వచ్చేసరికి పేజీ తిప్పేస్తారు.

26 పేజీల సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు పేరెత్తితే మనకు భీమవరం గుర్తొస్తుంది, రాని నోబెల్ గుర్తొస్తుంది. ఆయన రాసిన పేపరు తెరిచి చూసినవాళ్లు మనలో ఎందరో తెలియదు గానీ, తెరిస్తే చాలా ఉంది. 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ 66వ సంపుటంలో 375వ పేజీ నుంచి 400వ పేజీ దాకా, సైరస్ ఫిస్కేతో కలిసి రాసింది. విషయం ఒక్కటే: శాంపిల్‌లో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలవడం. ఆమ్లంలో మాలిబ్డేట్‌తో ఫాస్ఫేట్ కలుస్తుంది, దాన్ని రెడ్యూస్ చేస్తే నీలం వస్తుంది, నీలం ఎంత ముదిరితే ఫాస్ఫేట్ అంత. ఇంత చిన్న పనికి 26 పేజీలు.

ఆ పద్ధతిలో వాడే రియేజెంట్ (రంగు తెప్పించే రసాయన ద్రవం) తయారీ ల్యాబ్ మాన్యువళ్లలో ఇప్పటికీ ఇలాగే కనిపిస్తుంది: 15 శాతం సోడియం బైసల్ఫైట్ 195 మిల్లీలీటర్లు తీసుకుని అందులో అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం అర గ్రాము వేయాలి, 20 శాతం సోడియం సల్ఫైట్ 5 మిల్లీలీటర్లు కలపాలి. పొడి పూర్తిగా కరగకపోతే సల్ఫైట్‌ను ఒక్కో మిల్లీలీటరు చొప్పున కలుపుతూ పోవాలి, మోతాదు మించకూడదు. ఇక్కడా 'తగినంత' ఉంది. కానీ ఎంతెంత చొప్పున కలపాలో, ఏది కనిపిస్తే ఆపాలో, ఎటువైపు తప్పితే చెడుతుందో కూడా పక్కనే ఉంది. మంచి మెథడ్స్ అంటే ఇంతే.

ఈ పట్టింపు వల్ల ఏం లాభమో రెండేళ్లకే తేలింది. రంగు ఎన్ని నిమిషాల్లో ఎంత రావాలో వాళ్లకు కంఠతా తెలుసు. కండరం నుంచి తీసిన ద్రవంలో రంగు ఆ వేగంతో రాలేదు, ఆలస్యంగా పెరుగుతూ పోయింది. పద్ధతి మీద పట్టు లేని ల్యాబ్ అయితే రియేజెంట్ పాడైందని పారబోసి మళ్లీ మొదలుపెట్టేది. వాళ్లు మాత్రం ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. కండరంలో ఏదో ఫాస్ఫేట్‌ను పట్టుకుని ఉంది, అది ఆమ్లంలో మెల్లగా వదులుతోందని తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో సైన్స్ పత్రికలో వచ్చింది. దాదాపు అదే కాలంలో లండన్‌లో ఎగుల్టన్ దంపతులకూ అదే పదార్థం దొరికింది, వాళ్లు ఫాస్ఫాజెన్ అన్నారు. అంటే పోటీ అప్పుడూ ఉంది. పోటీ ఉంది కదా అని పద్ధతిని దాచుకోలేదు.

1951లో లౌరీ, సహచరులు ప్రొటీన్ కొలిచే పద్ధతి మీద రాసిన పేపరు సంగతి బయోకెమిస్ట్రీవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2014లో నేచర్ పత్రిక లెక్క తీసేసరికి దానికి 3 లక్షలకు పైగా సైటేషన్లు (ఇతర పేపర్లలో ప్రస్తావనలు), ప్రపంచంలో మొదటి స్థానం. అందులో గొప్ప సిద్ధాంతం ఏదీ లేదు. సీసాలో ఏం పోయాలో, ఎన్ని నిమిషాలు ఆగాలో ఉంది.

ఎక్కడ జారుతుంది

పైన చెప్పిన నమూనా వాక్యాన్నే తీసుకుందాం. 10,000 ఆర్‌పీఎం అంటే సెంట్రిఫ్యూజ్‌లో ట్యూబులను తిప్పే చక్రం, అంటే రోటార్, నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగిందో తెలుస్తుంది, శాంపిల్ మీద ఎంత బలం పడిందో తెలియదు. ఆ బలం కావాలంటే వ్యాసార్ధం సెంటీమీటర్లలో తీసుకుని, ఆర్‌పీఎం వర్గంతో గుణించి, దాన్ని 0.00001118తో గుణించాలి. 6 సెంటీమీటర్ల రోటార్‌లో 10,000 ఆర్‌పీఎం అంటే సుమారు 6,700 జీ, అంటే భూమి ఆకర్షణకు అన్ని రెట్లు. 10 సెంటీమీటర్ల రోటార్‌లో అదే 11,180 జీ. ఒకరి ట్యూబులో అడుగున చేరినది ఇంకొకరి ట్యూబులో పైన తేలుతూనే ఉంటుంది. పరిష్కారం ఏమైనా కష్టమా అంటే కాదు, ఆర్‌పీఎం కొట్టేసి జీ రాయాలి, లేదా రోటార్ మోడల్ ఇవ్వాలి. అర నిమిషం పని.

గది ఉష్ణోగ్రత మన వాతావరణంలో ఇంకా పెద్ద సమస్య. జనవరిలో బోస్టన్ ల్యాబ్ గది 21 డిగ్రీలు. మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నం వరంగల్ ల్యాబ్ గది 36 డిగ్రీలు. ఎంజైములు చాలావాటికి 10 డిగ్రీలు పెరిగితే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. పదిహేను నిమిషాలు ఉంచామని రాస్తే ఏ పదిహేను నిమిషాలు? థర్మామీటర్ చూసి అంకె రాయడానికి నామోషీ దేనికి?

ట్రిస్ బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ఒక ద్రావణం) కూడా అంతే. వేడి పెరిగేకొద్దీ దాని పీహెచ్ డిగ్రీకి సుమారు 0.028 చొప్పున తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర 8.0కు సరిచేసి 4 డిగ్రీల కోల్డ్ రూములో పెడితే అది 8.6 దగ్గర ఉంటుంది. "పీహెచ్ 8.0" అని మాత్రమే రాసిన పేపరు ఈ రెండింటిలో ఏది చెబుతోందో రాసినవాడికే గుర్తుండదు. ఉప్పుల సంగతి మరీ ఘోరం. మెగ్నీషియం క్లోరైడ్ నీళ్లు లేనిదైతే అణుభారం 95.2, ఆరు నీటి అణువులు పట్టుకున్నదైతే 203.3. సీసా మీద ఏముందో చూడకుండా మొదటి లెక్కతో రెండో పొడి తూస్తే ట్యూబులో ఉండేది రాసినదానిలో సగం కూడా కాదు. పేపరులో మాత్రం 5 మిల్లీమోలార్ అని ధీమాగా ఉంటుంది.

ఇవన్నీ చాదస్తం అనిపించేవాళ్ల కోసం 2014లో సెల్ రిపోర్ట్స్‌లో వచ్చిన ఒక పేపరు సంగతి. బర్క్‌లీలో ఒక ల్యాబ్, బోస్టన్‌లో ఒక ల్యాబ్ రొమ్ము కణజాలం మీద కలిసి పనిచేస్తున్నాయి. రెండూ పేరున్నవే, పద్ధతి ఒకటే, అయినా కణాలను వేరుచేసి చూస్తే బొమ్మలు కలవవు. యంత్రం, రియేజెంట్లు, శాంపిల్ అన్నీ పోల్చుకున్నా తేడా దొరకలేదు. చివరికి ఒకే బల్ల దగ్గర పక్కపక్కన నిలబడి పనిచేస్తే తేలింది: కణజాలాన్ని ఎంజైములో నాననిచ్చేటప్పుడు ఒకరు మెల్లగా ఊపుతున్నారు, ఇంకొకరు గట్టిగా కలుపుతున్నారు. ఎలా కలపాలో రాయాలని ఇద్దరికీ తట్టలేదు.

ఇక ఎన్, అంటే శాంపిళ్ల సంఖ్య, సంగతి. "ఎన్ = 3" అని గ్రాఫు కింద ఉంటుంది. మూడు జంతువులా, మూడు వేర్వేరు రోజులా, ఒకే ఫ్లాస్కులోంచి ప్లేటులోని మూడు గుంటల్లో పోసినదా? చివరిదైతే అది ఎన్ = 1, మిగతా రెండూ పిపెట్ సరిగ్గా పట్టుకున్నామని చెప్పే సాక్ష్యాలు, అంతే. గ్రాఫు మీద ఎర్రర్ బార్ గీత ఎస్‌డీనా (కొలతలు ఒకదానికొకటి ఎంత తేడాగా ఉన్నాయో చెప్పేది), ఎస్‌ఈఎమ్మా (సగటు ఎంత కచ్చితమో చెప్పేది) రాయకపోవడం దీని కవల సోదరి. మూడు శాంపిళ్లకు ఎస్‌ఈఎమ్ అంటే ఎస్‌డీలో 58 శాతం. గీత పొట్టిదవుతుంది, ఫలితం దిట్టంగా కనిపిస్తుంది. ఏది వేశారో చెప్పకపోతే చదివేవాడు తనకు నచ్చింది అనుకుంటాడు.

కంప్యూటర్ మీద పనిచేసేవాళ్లు నవ్వుకోనక్కర్లేదు. జన్యువుల పేర్లను ఎక్సెల్‌లో వేస్తే సెప్ట్2 కాస్తా సెప్టెంబరు 2 అయిపోయేది. ఎక్సెల్ జన్యు జాబితాలు జోడించిన పేపర్లలో దాదాపు ఐదో వంతుకు ఈ జబ్బు ఉందని 2016లో బయటపడింది. చివరికి 2020లో ఎక్సెల్‌తో పడలేక జన్యువుల పేర్లే మార్చారు, సెప్ట్ పోయి సెప్టిన్ వచ్చింది. ఏ ప్రోగ్రామ్, ఏ వెర్షన్, ఏ సెట్టింగ్ అన్నది మెథడ్స్‌లో ఉండాల్సిందే.

"ఇంతకుముందు చెప్పినట్టుగా"

మెథడ్స్‌ను చంపేసే ఇంకో వాక్యం ఇది. "ప్రొటీన్‌ను ఇంతకుముందు వివరించిన పద్ధతిలో వేరుచేశాము", పక్కన ఒక సైటేషన్. ఆ పేపరు తెరిస్తే అక్కడా అదే వాక్యం, ఇంకో సైటేషన్. అలా నాలుగు మెట్లు దిగితే ఎనభైల నాటి పేపరు దొరుకుతుంది, అందులో వేరే జంతువు, వేరే కణజాలం, ఇప్పుడు తయారవని రెజిన్. మధ్యలో ఎవరెవరు ఏం మార్చారో ఎక్కడా లేదు. పాత పద్ధతిని సైట్ చేయడం తప్పు కాదు, చేయాలి కూడా. సైట్ చేసి, ఆ వెంటనే "ఈ మార్పులతో" అని అంకెలు రాయాలి. మార్పు లేకుండా పాత పద్ధతిని వాడిన ల్యాబ్ భూమ్మీద ఉంటుందని నేను నమ్మను.

దీన్ని ఇంకా చెడగొట్టింది సిమిలారిటీ శాతాల (మన రాత పాత రచనలతో ఎంత కలుస్తుందో సాఫ్ట్‌వేర్ చెప్పే లెక్క) భయం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా ఫర్వాలేదు, 10 నుంచి 40 దాకా ఒక మెట్టు, 40 నుంచి 60 దాకా ఇంకో మెట్టు, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. దొంగతనాన్ని పట్టుకోవడానికి పెట్టిన లెక్క, బాగానే ఉంది. కానీ సాఫ్ట్‌వేర్‌కు దొంగతనం తెలియదు, వరుసగా కలిసిన మాటలే తెలుసు. అలా ఎక్కువగా కలిసేది ఎక్కడ? మెథడ్స్‌లో. జెల్ నడిపిన తీరును ఎవరు రాసినా దాదాపు ఒకేలా ఉంటుంది, ఉండాలి కూడా. శాతం తగ్గించాలని స్కాలర్ ఆ వాక్యాలను పారాఫ్రేజ్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తాడు. అది పారిభాషిక పదాలను కూడా పర్యాయపదాలతో మార్చేస్తుంది. 2021లో ఫ్రాన్స్‌కు చెందిన గియోమ్ కబనాక్, సహచరులు ఇలాంటివాటిని వెలికితీసి 'చిత్రహింస పడ్డ పదబంధాలు' అని పేరుపెట్టారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ కాస్తా 'కౌంటర్‌ఫిట్ కాన్షస్‌నెస్' అయింది, బ్రెస్ట్ క్యాన్సర్ 'బోసమ్ పెరిల్' అయింది. నవ్వొస్తుంది గానీ, అదే సాఫ్ట్‌వేర్ మెథడ్స్‌లో ద్రావణమనే అర్థంలో ఉన్న 'సొల్యూషన్'ను పరిష్కారమనే అర్థంలోకి తిప్పేస్తే నవ్వాల్సింది ఏమీ ఉండదు. మెథడ్స్ భాగానికి శాతం వేరుగా చూడాలి, లేదా చూడనేకూడదు. ఇది గైడ్లు, డాక్టోరల్ కమిటీలు గట్టిగా అడగాల్సిన విషయం.

నాకున్న అనుమానాలు

ఈ వాదనకు ఎదురు లేదని కాదు. మొదటిది, బలమైనది: ఎడిటర్ మెథడ్స్ చదవడు. డెస్క్ మీద పేపరు ఉండేది కాసేపు. కవర్ లెటర్, అబ్‌స్ట్రాక్ట్, ఒకటి రెండు బొమ్మలు చూసి రివ్యూకు పంపాలా తిప్పికొట్టాలా తేల్చేస్తాడు. అక్కడ కొత్తదనం మాట్లాడుతుంది, జీ విలువ కాదు. నిజమే. మెథడ్స్ బాగున్నంత మాత్రాన గేటు తెరుచుకోదు. గేటు దాటాక మాత్రం లెక్క మారుతుంది. రివ్యూయర్లు అడిగే ప్రశ్నలు చదివి చూడండి: కంట్రోల్ (పోల్చి చూసే శాంపిల్) ఏది, యాంటీబాడీ ఎక్కడ కొన్నారు, ఎన్ ఎంత, ఏ గణాంక పరీక్ష వాడారు. వీటిలో సగానికి జవాబు మీ నోట్‌బుక్‌లో ముందే ఉంది, పేపరులోకి రాలేదంతే. ఆ జవాబు ముందే ఉంటే ఒక విడత రివిజన్, అంటే రెండు మూడు నెలలు, మిగిలేది.

రెండోది, చోటు లేదన్న సాకు. ఒకప్పుడు నిజం, ఇప్పుడు కాదు. నేచర్ జర్నళ్లు మెథడ్స్ మీద నిడివి పరిమితిని 2013లోనే ఎత్తేశాయి. సప్లిమెంటరీ ఫైలు ఎటూ ఉంది. ప్రొటోకాల్స్ డాట్ ఐఓ వెబ్‌సైట్‌లో పద్ధతి మొత్తం మెట్టు మెట్టుగా పెట్టి డీఓఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) తీసుకుని పేపరులో ఇవ్వవచ్చు.

మూడోది నన్ను నిజంగా ఆపుతుంది. చేతి ఒడుపును రాయలేం. ఎలుక గుండెలోంచి కణాలు తీసేటప్పుడు వేలికి తెలిసే బిగువును ఏ వాక్యంలో పెడతాం? బర్క్‌లీ, బోస్టన్ ల్యాబులు పక్కపక్కన నిలబడితే గానీ తేలలేదంటే అర్థం అదే కదా. ఒప్పుకుంటాను. కొంత ఎప్పుడూ మిగిలిపోతుంది. అయితే రాయలేనిది కొంత ఉంది కదా అని రాయగలిగినదాన్ని కూడా వదిలేయడం ఏ లెక్క? చేత్తో చేసే పనులకు రెండు నిమిషాల ఫోన్ వీడియో తీసి సప్లిమెంట్‌లో పెట్టవచ్చు. అచ్చు ఖర్చు లేదు.

"అడిగితే ఇస్తాం కదా" అనేవాళ్లకు ఒక లెక్క. డేటా అడిగితే ఇస్తామని రాసుకున్న 1,792 పేపర్ల రచయితలను 2022లో వచ్చిన ఒక అధ్యయనంవాళ్లు నిజంగానే అడిగారు. ఇచ్చినవాళ్లు 122 మంది.

జర్నల్ గుమ్మం దగ్గర

యూజీసీ గుర్తించిన జర్నళ్ల కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఆపేశారు. ఏది మంచి జర్నలో తేల్చుకునే భారం ఇప్పుడు సంస్థల మీద, మన మీద పడింది. దానికి చాలా చెక్‌లిస్టులు ఉన్నాయి. నేను వాడమనేది ఒక్కటే: మీ మెథడ్స్ మీద ఒక్క ప్రశ్న కూడా అడగకుండా అంగీకరించారంటే అనుమానించండి.

ఇది ఊరికే అంటున్నది కాదు. 2013లో సైన్స్ పత్రిక కోసం జాన్ బొహానన్ ఒక బూటకపు పేపరును మార్పులతో 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపాడు. 157 అంగీకరించాయి, 98 తిరస్కరించాయి. ఆ పేపరులో పెట్టిన దోషం ఎక్కడుందంటే, మందును ఆల్కహాల్ ఉన్న ద్రవంలో కరిగించి కణాల మీద వేశారు, కంట్రోల్ కణాలకు మాత్రం ఆల్కహాల్ లేదు. కణాలను చంపింది మందో ఆల్కహాలో చెప్పలేం. డిగ్రీ విద్యార్థి పట్టుకోగల తప్పు అది, మెథడ్స్ చదివితే. మన హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ అనే జర్నళ్ల ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేస్తే 2019 మార్చిలో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. రివ్యూ జరిగిందని చెప్పి జరపకపోవడం ఆ కేసులో పెద్ద అభియోగం.

రివ్యూ నిజంగా వచ్చినప్పుడు జవాబు రాసే తీరు అందరికీ తెలిసిందే. రివ్యూయర్ మాట యథాతథంగా, కింద మన జవాబు, మార్చిన చోటు పేజీ, లైను నంబరుతో సహా. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, అడిగిన వివరాన్ని జవాబు లేఖలో మాత్రమే రాసి పేపరులో పెట్టకపోవడం. రివ్యూయర్‌కు వచ్చిన అనుమానం చదివే ప్రతివాడికీ వస్తుంది, ఆ లేఖ మాత్రం వాళ్లెవరికీ కనిపించదు.

అంగీకారం వచ్చాక అందరూ వాట్సాప్ స్టేటస్ పెట్టుకుంటారు, ప్రూఫ్‌ను, అంటే అచ్చుకు ముందు సరిచూడమని పంపే ప్రతిని, పట్టించుకోరు. ప్రూఫ్ వచ్చాక చాలా జర్నళ్లు ఇచ్చేది 48 గంటలు. రచయితలు తమ పేరు, ఊరు, గ్రాంటు నంబరు చూసి పంపేస్తారు. చూడాల్సింది మెథడ్స్. ఫాంటు మారినప్పుడు మైక్రో గుర్తు 'ఎమ్' అయిపోతుంది, 5 మైక్రోలీటర్ల ఎంజైము 5 మిల్లీలీటర్లవుతుంది, వెయ్యి రెట్లు. పైన ఉండాల్సిన ఘాతం కిందికి దిగితే గుంటకు 10⁶ కణాలు కాస్తా 106 కణాలవుతాయి. డిగ్రీ గుర్తు సున్నా అయితే 4 డిగ్రీలు 40 అవుతుంది. స్క్రీను మీద చూస్తే ఇవి కంటికి ఆనవు. ప్రింటు తీసి, ఒకరు నోట్‌బుక్‌లోంచి అంకె చదువుతుంటే ఇంకొకరు ప్రూఫ్‌లో వేలు పెట్టి టిక్ కొట్టుకుంటూ పోవాలి. రెండు కప్పుల టీ అయ్యేలోపు పూర్తవుతుంది.